ఈటన్ జాకెట్ ఎలా కుట్టాలి: నడుము దగ్గర ఆగే కోటు, గంజి పెట్టిన కాలర్

స్కూల్ నాటకంలో పాతకాలం ఇంగ్లండ్ బడిపిల్లాడి వేషం వచ్చిందంటే చాలామంది చేసే పని ఒకటే. ఇంట్లో ఉన్న నల్ల బ్లేజర్‌ను నడుము దగ్గర కత్తిరించి, అంచు మడిచి కుట్టేస్తారు. బాబు స్టేజీ ఎక్కాక అది ఎవరికీ ఈటన్ జాకెట్‌లా అనిపించదు. బ్లేజర్‌ని తుంటి మీద నిలబడేలా గీస్తారు, నడుము దగ్గర దానికి కావలసినంత వదులు ఉంటుంది. దాన్ని సగంలో కోసేస్తే ఆ వదులంతా అంచులోకి వచ్చి గొడుగులా విచ్చుకుంటుంది. జేబులు సగం పోతాయి, గుండీలు ఉండకూడని చోట ఉంటాయి. ఈటన్ జాకెట్ అలా కాదు. నడుము దగ్గరే ముగియాలని మొదటి గీత నుంచే అనుకుని గీసే కోటు అది. అందుకే కొత్తగా గీసి, కొత్తగా కుట్టండి. బట్ట తక్కువే పడుతుంది. జేబులు ఉండవు, గుండీలు పెట్టాల్సిన పని కూడా దాదాపు లేదు. షర్టు కుట్టడం బాగా వచ్చినవాళ్లు ఓపిగ్గా చేస్తే ఇంట్లోనే అయిపోతుంది.

ముందు ఈ కోటు సంగతి కొంచెం తెలుసుకోవాలి, లేకపోతే ఏ వివరం ముఖ్యమో, ఏది వదిలేయవచ్చో తెలియదు. ఇంగ్లండ్‌లో విండ్సర్ కోట దగ్గర, థేమ్స్ నది ఒడ్డున ఈటన్ కాలేజ్ ఉంది. ఆరో హెన్రీ రాజు 1440లో పెట్టిన బడి. 5 అడుగుల 4 అంగుళాల కంటే పొట్టిగా ఉన్న పిల్లలు అక్కడ ఈ పొట్టి జాకెట్ వేసుకునేవారు. ఆ ఎత్తు దాటినవాళ్లు వెనక తోక ఉండే పొడవు కోటుకు మారేవారు. వయసును బట్టి కాకుండా ఎత్తును బట్టి బట్టలు మారేవన్నమాట. 1967లో ఈ పొట్టి జాకెట్‌ను అక్కడ ఆపేశారు, తోక కోటు మాత్రం ఇప్పటికీ ఉంది. 1820లో మూడో జార్జ్ రాజు చనిపోయినప్పుడు సంతాపంగా నలుపు మొదలై అలాగే ఉండిపోయిందని ఒక కథ చెప్తారు. కథగా వినడానికి బాగుంటుంది, అంతకు మించి దాన్ని నమ్ముకోకండి. నడుము కింద ఏమీ కప్పదు కాబట్టి అక్కడి పిల్లలు దీనికి వెనక భాగం గడ్డకట్టే కోటు అనే అర్థంలో ఒక ముతక పేరు కూడా పెట్టుకున్నారు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని ఇతర బడులు దీన్ని అనుసరించాయి. 1890ల్లో ఆడవాళ్ల ఫ్యాషన్‌లోకి కూడా వెళ్లింది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ గాయక బృందంలోని పిల్లలు ఈటన్ సూటు, పొడవు టోపీ పెట్టుకుని ప్రార్థనకు నడిచి వెళ్లే సంప్రదాయం ప్రసిద్ధం. జపాన్‌లో కొన్ని ప్రాథమిక పాఠశాలల పిల్లలు వేసుకునే కాలర్ లేని పొట్టి కోటును అక్కడ ఈటన్ జాకెట్ అనే పిలుస్తారు. మన సైన్యంలో అధికారులు విందులకు వేసుకునే మెస్ జాకెట్‌ది కూడా ఇదే పొట్టి కోత. ఈ వ్యాసంలో నేను చెప్పేది అసలు ఇంగ్లండ్ రూపం: నల్ల కోటు, వెడల్పు లాపెల్ (ఛాతీ మీద బయటికి మడిచి ఉండే ముందు అంచు), దాని మీదికి పరుచుకునే తెల్ల కాలర్. నాటకానికే కాదు, చర్చి పెళ్లిలో ఉంగరాలు పట్టుకుని నడిచే బాబుకి కూడా చాలా బాగుంటుంది.

కొలతలు

ఈ కోటులో పొడవు కొలతే ప్రాణం. అది అర అంగుళం తప్పినా దాచడానికి కింద ఏమీ ఉండదు. కాబట్టి నడుము ఎక్కడుందో ముందు కచ్చితంగా పట్టుకోండి. మగపిల్లలు ప్యాంటు వేసుకునే చోటు నడుము కాదు, అది అసలు నడుముకి రెండు మూడు అంగుళాల కిందే ఉంటుంది. బాబుని నిటారుగా నిలబెట్టి పక్కకి వంగమనండి. ఎక్కడ మడత పడుతుందో అదే నడుము. అక్కడ ఒక ఎలాస్టిక్ ముక్క కట్టేయండి. కొలతలన్నీ పూర్తయ్యేదాకా విప్పొద్దు.

తల కొంచెం వంచమంటే మెడ వెనక ఒక ఎముక పైకి తేలుతుంది. ఆ ఎముక నుంచి ఎలాస్టిక్ దాకా టేపు పెట్టి తీసేది వెనక పొడవు. తర్వాత ఛాతీ, నడుము, మెడ చుట్టుకొలతలు, ఈ భుజం చివర నుంచి ఆ భుజం చివరకి అడ్డంగా షోల్డర్, మోచేయి కాస్త వంచి భుజం నుంచి మణికట్టు ఎముక దాకా చేతి పొడవు తీయండి. షర్టు, వేస్ట్‌కోటు వేసి కొలవకండి. పల్చటి బనియన్ మీద కొలిచి, వదులు మనం కలుపుకుందాం.

ఉదాహరణకి సుమారు పదేళ్ల బాబు కొలతలు తీసుకుంటున్నాను: ఛాతీ 28 అంగుళాలు, నడుము 25, మెడ 12, షోల్డర్ 13, వెనక పొడవు 13, చేతి పొడవు 19. మీ బాబు కొలతలు వేరేగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

బట్ట

అసలు కోటుకి వాడింది నల్ల ఉన్ని బట్ట. మన ఎండల్లో, స్టేజీ లైట్ల కింద అది పిల్లాడికి నరకం. టెర్రీ వూల్ గానీ, కాస్త బరువున్న పాలీ విస్కోస్ సూటింగ్ గానీ తీసుకోండి. మెరిసే బట్ట వద్దు. గుప్పిట్లో నలిపి వదిలితే వెంటనే విప్పుకునే బట్ట అయితే లాపెల్ బాగా నిలుస్తుంది. 58 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఒక మీటరు ఈ కొలతలకి సరిపోతుంది. లైనింగ్ బట్ట పన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి మీటరున్నర కొనండి. ముందు భాగాలకీ కాలర్‌కీ ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే లోపలి గుడ్డ) కావాలి. తెల్ల కాలర్‌కి అర మీటరు మంచి కాటన్ పాప్లిన్, లోపల పెట్టడానికి కాలర్ కాన్వాస్ తీసుకోండి. పాప్లిన్‌లో పాలిస్టర్ కలవకుండా చూసుకోవాలి, గంజి బాగా పట్టేది నూలుకే.

సూటింగ్ మీద కత్తెర పెట్టేముందు తడి గుడ్డ వేసి మొత్తం బట్టని ఆవిరి ఇస్త్రీ చేయండి. తెల్ల పాప్లిన్‌ని నీళ్లలో నానబెట్టి ఆరేయండి. కుదించుకుపోయేది ఇప్పుడే కుదించుకుపోవాలి.

వెనక భాగం గీయడం

బ్రౌన్ పేపర్ మీద ఒక నిలువు గీత గీయండి, ఇది వెన్ను గీత. పైన మెడ ఎముక చోటుకి గుర్తు పెట్టండి. అక్కడి నుంచి కిందికి ఛాతీలో నాలుగో వంతుకి అర అంగుళం కలిపి, అంటే 7½ అంగుళాల దగ్గర ఛాతీ గీత. 13 అంగుళాల దగ్గర నడుము గీత. ఈ రెండూ అడ్డంగా గీయండి.

మెడ ఎముక గుర్తు నుంచి అడ్డంగా 2½ అంగుళాలు వెళ్లి, అక్కడి నుంచి ¾ అంగుళం పైకి ఎక్కండి. అది మెడ పక్క బిందువు. ఎముక గుర్తు నుంచి అక్కడికి లోతు లేని వంపుతో కలిపితే వెనక మెడ వస్తుంది. షోల్డర్‌లో సగానికి పావు అంగుళం కలిపి, వెన్ను గీత నుంచి 6¾ అంగుళాల దూరంలో, మెడ పక్క బిందువు ఎత్తు నుంచి 1¼ అంగుళాలు దిగితే భుజం చివర. ఆ రెండు బిందువుల్నీ కలపండి.

ఛాతీ గీత మీద 28లో నాలుగో వంతుకి ఒక అంగుళం కలిపి 8 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. మొత్తం మీద నాలుగు అంగుళాల వదులు వస్తుంది, షర్టూ వేస్ట్‌కోటూ కింద పట్టడానికి అది కావాలి. భుజానికీ ఛాతీ గీతకీ మధ్యలో వెన్ను నుంచి 6¼ అంగుళాల దగ్గర ఒక గుర్తు పెట్టి, భుజం చివర నుంచి దాన్ని తాకుతూ చంక దాకా వంపు తీసుకురండి.

ఇప్పుడు నడుము. నడుము కొలతకి మూడు అంగుళాల వదులు చాలు. 25కి 3 కలిపితే 28, అందులో నాలుగో వంతు 7. అంటే ఛాతీ దగ్గర 8 ఉన్నది నడుము దగ్గర 7 కావాలి. ఆ ఒక అంగుళంలో సగం వెన్ను కుట్టులో, సగం పక్క కుట్టులో తీసేయండి. వెన్ను మధ్యలో కుట్టు తప్పకుండా ఉండాలి. వెన్ను మడత మీద ఒకే ముక్కగా కత్తిరిస్తే నడుము వంపు రాదు, కోటు వీపు మీద అట్టలా నిలబడుతుంది.

అడుగు అంచు దగ్గర నిదానించండి. పక్క కుట్టు నడుము గీతకి ½ అంగుళం కిందికి దిగాలి. వెన్ను కుట్టు 1½ అంగుళాలు దిగాలి. పక్క నుంచి మొదట దాదాపు అడ్డంగా వచ్చి, వెన్నుకి దగ్గరయ్యాక మెల్లగా కిందికి జారే వంపు గీస్తే వీపు మధ్యలో చిన్న మొన తేలుతుంది. ఈటన్ జాకెట్‌ని వెనక నుంచి గుర్తుపట్టేది ఆ మొనతోనే. దాన్ని వదిలేసి అడ్డంగా కోసేస్తే హోటల్ వెయిటర్ కోటు అవుతుంది. ఆ మొనకి ఇంకో పని కూడా ఉంది. బాబు చేతులు పైకెత్తినప్పుడు వీపు మీద కోటు పైకి లేస్తుంది, ఆ కింద ప్యాంటు పట్టీ బయటపడకుండా అది కాపాడుతుంది.

ముందు భాగం, లాపెల్

ఛాతీ గీత, నడుము గీత అవే ఎత్తుల్లో పొడిగించి ముందు మధ్య గీత గీయండి. మెడ పక్క బిందువు వెనక భాగంలో ఎంత ఎత్తులో ఉందో ఇక్కడా అంతే, మధ్య గీత నుంచి 2½ అంగుళాలు. భుజం వాలు ఇక్కడ 1½ అంగుళాలు. ముందు భుజం గీత వెనకదాని కంటే పావు అంగుళం తక్కువ ఉంచి, కుట్టేటప్పుడు వెనకదాన్ని దగ్గరకి ఒత్తి కలపండి, భుజం వెనక చక్కగా గుండ్రమవుతుంది. ఛాతీ దగ్గర 8 అంగుళాలు, చంక వంపు మధ్య గీతకి 6 అంగుళాల దగ్గర లోపలికి రావాలి. నడుము దగ్గర ½ అంగుళం పక్క కుట్టులో, ½ అంగుళం ఛాతీ కింద సన్నటి డార్ట్‌లో (లోపలికి మొనదేలేలా కుట్టే మడతలో) తీయండి.

ఈ కోటు ముందు మూయరు. రెండు వైపులా మధ్య గీత దగ్గరికి వచ్చి ఆగుతాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు. అందుకే గుండీ పట్టీకి అదనంగా బట్ట వదలకండి. కింద ముందు మూల పక్క కుట్టుకంటే కొంచెం, పావు అంగుళం, కిందికి ఉంటే బాగుంటుంది. మూల గుండ్రంగా తిప్పొద్దు, నలుచదరంగా ఉంచండి.

లాపెల్ మడత గీత ఛాతీ గీతకి రెండు అంగుళాల కింద, ముందు అంచు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి మెడ పక్క బిందువు దాటి, భుజం గీత సూటిలో మెడ వైపు ¾ అంగుళం బయటికి పొడిగించిన చోటుకి తిన్నగా గీయండి. ఆ ¾ అంగుళం కాలర్ మెడ చుట్టూ నిలబడే ఎత్తు. లాపెల్ ఎలా కనిపించాలో ముందు కోటు మీదే, మడత గీతకి లోపలి వైపు గీయండి. వెడల్పయిన చోట 2½ అంగుళాలు, పిల్లాడి ఛాతీకి అది పెద్దగా అనిపించినా తగ్గించకండి. తర్వాత పేపర్‌ని మడత గీత మీద మడిచి, ఆ ఆకారాన్ని అవతలి వైపుకి దించుకోండి. గీసిన లాపెల్ కళ్లకి నచ్చే దాకా చెరిపి గీస్తూ ఉండండి. కోటు ముఖం అదే.

కోటు కాలర్ వెనక మెడ సగం పొడవుకి, లాపెల్ పైన కాలర్ కలిసే గీత పొడవు కలిపి గీయండి. వెనక మధ్యలో వెడల్పు 2¼ అంగుళాలు. అడుగు కాలర్‌ని క్రాస్ బట్టలో, అంటే ఐమూలగా, కత్తిరించాలి, అప్పుడే మెడ చుట్టూ తిరుగుతుంది. పై కాలర్ అడుగుదాని కంటే బయటి అంచుల్లో నూలుపోగంత కాదు, ⅛ అంగుళం పెద్దదిగా ఉండాలి. లేకపోతే కుట్టిన తర్వాత అంచులు పైకి లేస్తాయి.

చేతులు

రెండు ముక్కల కోటు చెయ్యే గీయండి, షర్టు చెయ్యి దీనికి పనికిరాదు. ఆర్మ్‌హోల్ (చెయ్యి తగిలించే చంక వంపు) చుట్టూ టేపు నిలబెట్టి కొలవండి. చేతి పైవంపు ఎత్తు అందులో మూడో వంతు. వంపు మొత్తం పొడవు ఆర్మ్‌హోల్ కంటే ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. మోచేయి దగ్గర కాస్త ముందుకి వంగాలి, కింద మోరీ (చేతి చివర చుట్టుకొలత) 9½ అంగుళాలు. చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగితే షర్టు కఫ్ అర అంగుళం తెల్లగా బయటికి కనిపిస్తుంది, అది అలాగే కనిపించాలి.

కత్తిరించడం

అడుగు కాలర్ తప్ప అన్ని ముక్కలూ పడుగు దిశలోనే, పైభాగం ఒకే వైపు ఉండేలా పెట్టండి. నలుపులో తేడా తెలియదనుకుంటారు గానీ, లైటు పడితే తిరగేసి పెట్టిన ముక్క వేరే నలుపులో కనిపిస్తుంది. కుట్టుకి వదిలే బట్ట అన్ని చోట్లా ఒకేలా వద్దు. మెడ, లాపెల్, ఆర్మ్‌హోల్ చుట్టూ ⅜ అంగుళం, భుజానికి ½, పక్క కుట్లకీ వెన్ను కుట్టుకీ పూర్తిగా ఒక అంగుళం, అడుగున ఒక అంగుళం, చేతుల చివర రెండు అంగుళాలు. పెరిగే పిల్లాడికి కుట్టేటప్పుడు ఈ లెక్క ఎప్పుడూ మరవకూడదు.

ముందు భాగాలకి లోపలి పట్టీ లాపెల్‌తో సహా అడుగు దాకా రావాలి, కింద 2½ అంగుళాల వెడల్పుతో. మిగిలిన లోపలి భాగానికి లైనింగ్. వెనక లైనింగ్ మధ్యలో ఒక అంగుళం ఎక్కువ పెట్టి మడత వేయండి. ఇంత బిగుతైన కోటులో చేతులు ముందుకి చాపినప్పుడు లైనింగ్ చిరగకుండా ఆపేది ఆ మడతే.

కచ్చా కుట్టు, ట్రయల్

ముందు భాగాలకి ఫ్యూజింగ్ అంటించండి. ఇస్త్రీ పెట్టెని రుద్దొద్దు. ఒక చోట పెట్టి పది పన్నెండు సెకన్లు నొక్కి, ఎత్తి పక్కన పెట్టండి. రుద్దితే ఫ్యూజింగ్ జరిగి బుడగలు వస్తాయి. తర్వాత డార్ట్, వెన్ను, పక్కలు, భుజాలు చేత్తో కచ్చా కుట్టు వేసి, చెయ్యి ఒక్కటి మాత్రం తగిలించి ట్రయల్ వేయండి.

ట్రయల్ వేసేటప్పుడు బాబు అసలు వేసుకోబోయే షర్టు, వేస్ట్‌కోటు, ప్యాంటు మీదే వేయాలి. చేతులు పైకెత్తమనండి, కుర్చీలో కూర్చోమనండి, వంగి షూ లేసు కట్టుకోమనండి. పక్కన నిలబడి అడుగు అంచు చూడండి. అది ముందూ వెనకా సమానంగా నడుము చుట్టూ తిరగాలి, వీపు మొన ఒక్కటే కిందికి జారాలి. ముందు అంచులు కింద విడిపోయి పక్కలకి పారిపోతుంటే ముందు పొడవు చాలడం లేదని అర్థం. ముందు భుజం కుట్టు దగ్గర పావు అంగుళం వదలండి. ముందు అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంటే దానికి ఉల్టా చేయండి. కాలర్ కింద అడ్డంగా ముడత వస్తే వెనక మెడని కాస్త దించాలి. ఇవన్నీ కచ్చా కుట్టు మీదే సరిచేయాలి. మిషన్ ఎక్కాక నల్ల బట్టలో కుట్టు విప్పిన గుర్తులు పోవు.

మిషన్ మీద

డార్ట్, వెన్ను కుట్టు, పక్కలు, భుజాలు వరసగా కుట్టి, ప్రతి కుట్టుని వెంటనే తెరిచి ఇస్త్రీ చేయండి. నడుము దగ్గర కుట్టు లోపలి బట్టకి చిన్న కత్తెర గాట్లు పెడితేనే వంపు చదునుగా కూర్చుంటుంది. అడుగు కాలర్‌ని కోటు మెడకి, పై కాలర్‌ని లోపలి పట్టీకి, లైనింగ్ మెడకి కుట్టండి. తర్వాత రెండూ ఎదురెదురుగా పెట్టి కాలర్, లాపెల్, ముందు అంచుల చుట్టూ కుట్టాలి. లాపెల్ కాలర్ కలిసే మూలలో కుట్టు ఆపి, దారం ముడేసి, మళ్లీ మొదలుపెట్టండి. ఆ మూల నాలుగు పొరలు కలిసే చోటు, ఒకే ఊపులో తోసేస్తే లాగినట్టు అవుతుంది. తిరగేసేముందు లోపలి బట్టని మెట్లు మెట్లుగా పల్చన చేసి, మూలలు ఐమూలగా కోయండి.

చేతులు తగిలించేటప్పుడు పైవంపుకి రెండు వరసల వదులు కుట్టు వేసి, దారం లాగి ఆ అంగుళం ఎక్కువని సర్దండి. ఎక్కడా కుచ్చులు కనిపించకూడదు, బట్ట ఉబ్బినట్టు మాత్రమే ఉండాలి. షోల్డర్ ప్యాడ్ పిల్లలకి వద్దు, చంక పైన క్రాస్ బట్ట పట్టీ ఒకటి లోపల కుడితే చాలు. అడుగు అంచుని లోపలికి మడిచి చేత్తో తురుపు వేయండి. మొన దగ్గర మడత మందంగా ఉంటే లోపలి బట్టని వి ఆకారంలో కోసి తేలిక చేయండి. చివరికి లైనింగ్ అడుగుని అర అంగుళం పైకి నిలిపి చేత్తో కుట్టండి.

ముందు అంచుల మీద ఒక్కో వైపు మూడు నల్ల గుండీలు అలంకారానికి కుట్టవచ్చు. కాజాలు అక్కర్లేదు. ఆఖరి ఇస్త్రీ తడి కాటన్ గుడ్డ వేసి మాత్రమే చేయండి, నేరుగా పెడితే నల్ల బట్ట మెరుపెక్కుతుంది, ఆ మెరుపు మళ్లీ పోదు.

తెల్ల కాలర్, గంజి

కోటు ఎంత బాగా కుట్టినా ఈ కాలర్ లేకపోతే అది ఈటన్ వేషం కాదు. ఇది షర్టుకి పుట్టుకతో అంటుకున్న కాలర్ కాదు, విడిగా కుట్టి, విడిగా ఉతికి, గంజి పెట్టి, షర్టు పట్టీకి గుండీలతో తగిలించేది. కోటు కాలర్ మీద నుంచి బయటికి పరుచుకుంటుంది. షర్టు కోసం కొత్తది కుట్టక్కర్లేదు. పాత తెల్ల స్కూల్ షర్టు కాలర్ పై రెక్కని విప్పేసి, మెడ పట్టీ మాత్రం ఉంచి పైన మళ్లీ కుట్టేయండి. ఆ పట్టీకి వెనక మధ్యలో ఒక చిన్న గుండీ పెట్టండి. ముందు పట్టీ మూసే గుండీ ఎలాగూ ఉంటుంది.

కాలర్‌కి రెండు భాగాలు. మెడ చుట్టూ నిలబడే పట్టీ ఒక అంగుళం ఎత్తు, పొడవు మెడ 12కి ½ అంగుళం వదులు, చివర్లలో గుండీకి ఎక్కడానికి కాస్త ఎక్కువ. కిందికి వాలే రెక్క 2¾ అంగుళాలు. రెక్కని తిన్నటి పట్టీగా గీస్తే బయటి అంచు చాలక కోటు భుజాల్ని పట్టేస్తుంది. కాబట్టి పేపర్ రెక్కకి బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా ఐదారు చోట్ల గాట్లు పెట్టి, లోపలి అంచు తెగకుండా ఒక్కొక్కటి పావు అంగుళం విప్పి, కొత్త పేపర్ మీద దించుకోండి. అప్పుడు రెక్క చంద్రవంకలా తిరుగుతుంది. రెండు పొరల పాప్లిన్ మధ్య కాన్వాస్ పెట్టి కుట్టి, తిప్పి, అంచు నుంచి పావు అంగుళం లోపల ఒక కుట్టు వేయండి. వెనక మధ్య ఒకటి, ముందు చివరలకి ఒక్కోటి చొప్పున కాజాలు చేయండి.

ఇక గంజి. ఈ పనికి ఇంగ్లండ్ నుంచి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, నూలు చీరలకీ పంచెలకీ గంజి పెట్టిన ఇల్లు ప్రతి ఊళ్లో ఉంది. కాకపోతే చీర గంజి కంటే ఇది చాలా చిక్కగా ఉండాలి. అన్నం వార్చిన గంజి అయితే పల్చటి గుడ్డలో వడగట్టి, సగం అయ్యేదాకా మరిగించండి. సగ్గుబియ్యం గంజి ఇంకా బాగుంటుంది, తెల్లగా మచ్చ లేకుండా ఆరుతుంది. ఏదీ లేకపోతే అర లీటరు నీళ్లకి మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, ముందు చల్లటి నీళ్లలో కలిపి, తర్వాత సన్నటి మంట మీద తిప్పుతూ, తెల్లదనం పోయి జిగటగా పారదర్శకంగా వచ్చేదాకా ఉడికించండి. ఒక చుక్క నీలిమందు వేస్తే పసుపుచాయ రాదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ లాండ్రీల్లో మెరుపు కోసం గంజిలో కొంచెం మైనం, బొరాక్స్ కలిపేవారు. పిల్లాడి మెడకి తగిలేది కాబట్టి మనకి అవి వద్దు.

బాగా ఆరిన కాలర్‌ని గోరువెచ్చటి గంజిలో ముంచి, చేత్తో మర్దనా చేసినట్టు లోపలి కాన్వాస్ దాకా పట్టించండి. పిండకండి, రెండు అరచేతుల మధ్య నొక్కి జారనివ్వండి. పైన మిగిలిన గంజిని తడి గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే ఇస్త్రీ పెట్టెకి అంటుకుని గోధుమ రంగు మచ్చలు పడతాయి. నీడలో ముక్కాలు వంతు ఆరాక, ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే ఇస్త్రీ మొదలుపెట్టండి. ముందు లోపలి వైపు, తర్వాత పై వైపు, చివరల నుంచి మధ్యకి. పూర్తిగా ఎండిపోయి గట్టిబడే దాకా పెట్టెతో నొక్కుతూ ఉండాలి. చివరి నిమిషంలో, వేడి పోకముందే, రెక్కని మడిచి మెడ అంత చుట్టుకొలత ఉన్న స్టీలు డబ్బా చుట్టూ తిప్పి, నాడా కట్టి చల్లారనివ్వండి. చల్లారాక ఆ గుండ్రం అలాగే ఉండిపోతుంది.

వానాకాలంలో ఫంక్షన్ అయితే ముందురోజే గంజి పెట్టి గాలి చొరని కవర్‌లో ఉంచండి, తేమ తగిలితే రెక్కలు వాలిపోతాయి. చెమట పట్టే పిల్లలకి రెండు కాలర్లు కుట్టి ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

వేసుకునేటప్పుడు

నల్ల వేస్ట్‌కోటు, నల్ల టై, ముదురు బూడిద రంగు ప్యాంటు. ప్యాంటు అసలు నడుము దాకా రావాలి, ఇది తప్పనిసరి. ఇప్పటి ప్యాంట్లు తుంటి మీద ఉంటాయి కాబట్టి కోటుకీ ప్యాంటుకీ మధ్య తెల్ల షర్టు పట్టీలా కనిపించి మొత్తం చెడిపోతుంది. ఒక సైజు పెద్ద ప్యాంటు తీసుకుని, నడుము దగ్గర పట్టించి, బెల్టు తీసేసి సస్పెండర్లతో పైకి నిలపండి. వేసుకునే వరస కూడా ముఖ్యమే: షర్టు, కాలర్, టై, వేస్ట్‌కోటు, ఆ తర్వాత కోటు. కోటు తొడిగేటప్పుడు కాలర్ రెక్కని పైకెత్తి పట్టుకుని, కోటు మెడ సర్దాక దాని మీదికి వాల్చండి. గంజి కాలర్‌ని ఒకసారి మడత విరిస్తే ఆ గీత మళ్లీ ఉతికేదాకా పోదు.

విప్పాక కోటుని వెడల్పు హ్యాంగర్‌కి తగిలించండి. కాలర్‌ని గంజితో నెలల తరబడి దాచొద్దు, పురుగులు గంజి కోసమే వస్తాయి. ఉతికి, గంజి పూర్తిగా పోగొట్టి, చదునుగా పెట్టండి. వచ్చే ఏడాది బాబు పెరిగితే వెన్నులో, పక్కల్లో వదిలిన బట్టలోంచి ఛాతీకి రెండు అంగుళాలు, చేతులకి ఒక అంగుళం వదలవచ్చు. అడుగున మడిచిన అంగుళంలో ముప్పావు అంగుళం దించవచ్చు, పాత మడత గీత పోవడానికి తడి గుడ్డ మీద కొన్ని చుక్కల వెనిగర్ వేసి ఇస్త్రీ చేయండి. వెనక పొడవు అంతకంటే ఎక్కువ పెరిగితే అడుగున పట్టీ అతికించకండి. ఆ కోటు చిన్న తమ్ముడికి ఇచ్చేసి, పెద్దవాడికి అదే పేపర్‌ని కొత్త కొలతలతో గీసుకోండి.